అరబ్బీ వైరాగ్య కవితలు చదవడం ఎలా?

అరబ్బీలో వైరాగ్య కవితలను ‘జుహ్దియ్యాత్’ అంటారు. ఇవి బాగా వికసించింది ఏ గుహల్లోనో కాదు. 8వ శతాబ్దం చివర్లో డబ్బు, దర్బారులు, తాగుడు గోష్ఠులతో కళకళలాడిన బాగ్దాద్‌లో. ఆ సంగతి మర్చిపోయి చదివితే చావు తప్పదు, సొమ్ము నిలవదు అనే సుద్దుల్లా కనిపించి రెండు పేజీలకే విసుగొస్తుంది.

1. ముందు అబుల్ అతాహియా అనే కవిని పట్టుకోండి. 748లో పుట్టి, కూఫాలో కుండలమ్ముకుని, ఆనక ఖలీఫాల కొలువుకెక్కినవాడు. మాట సరళం. అందుకే అనువాదంలో చదివినా పెద్దగా నష్టం ఉండదు.

2. కవి ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. అబుల్ అతాహియా పేరు మీద ప్రసిద్ధమైన ఈ పాదం చూడండి: ‘లిదూ లిల్ మౌతి, వబ్నూ లిల్ ఖరాబి’. చావడానికే పిల్లల్ని కనండి, కూలిపోవడానికే ఇళ్లు కట్టండి అని. ఉపమానం లేదు, వర్ణన లేదు, ఉన్నవి రెండు ఆజ్ఞలు. కానుపు, గృహప్రవేశం జనం సంబరంగా చేసుకునేవి. వాటిని వద్దనడు. కానివ్వండి అంటూనే అవి ఎక్కడికి పోతాయో పక్కనే చెబుతాడు. బాగ్దాద్‌కు పునాది పడింది 762లో, అంటే ఇతని కుర్రతనంలో. కళ్లముందు రాజధాని లేస్తున్న తరానికి ఆ రెండో ఆజ్ఞ ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి.

3. ‘ఏరీ?’ అనే ప్రశ్న ఎక్కడొస్తుందో వెతకండి. పోయిన రాజుల్ని పేరుపేరునా అడగడం ఈ కవితల్లో పాత అలవాటు. ఇస్లాంకు ముందే, హీరా పట్టణపు క్రైస్తవ కవి అదీ ఇబ్న్ జైద్ ‘అనూషిర్వాన్ ఏడీ? అంతకుముందటి సాబూర్ ఏడీ?’ అని పర్షియా రాజుల గురించి అడిగాడు. కాబట్టి ఈ ధోరణి అంతా మతబోధ నుంచే పుట్టిందనుకోకండి.

4. కవి బతుకుతో కవితను తూచకండి. అబుల్ అతాహియా పరమ పిసినారి అని కథలున్నాయి. ప్రేమ కవిత్వం ఇక రాయనన్నందుకు ఖలీఫా హారూన్ అల్ రషీద్ జైల్లో పెట్టించాడనీ చెబుతారు. మద్యం పాటలకు పేరుమోసిన అబూ నువాస్ కూడా వైరాగ్యం రాశాడు, బాగా రాశాడు. అప్పటికి అదొక కవితా ప్రక్రియ. ఎవరైనా చెయ్యి వేయొచ్చు.

5. అల్ మఅర్రీని చివరికి ఉంచుకోండి. సిరియా కవి (973–1057), చిన్నప్పుడే మశూచితో చూపు పోయింది. పెళ్లి చేసుకోలేదు. మాంసమే కాదు, పాలు, గుడ్లు, తేనె కూడా మానేశాడు. ఇతని దగ్గర వైరాగ్యం అచ్చంగా రోజువారీ తిండి దాకా వచ్చింది. ‘లుజూమియ్యాత్’ అనే తన కవితా సంపుటిలో అంత్యప్రాసకు ఒక అక్షరం చాలదని అదనంగా ఇంకొకటి కూడా కలవాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. అనువాదంలో ఆ బిగువు పోతుంది, అందుకే వీలైతే అరబ్బీ పఠనం ఆడియో వింటూ చదవండి. ఒక్క విడతలో మూడు నాలుగు కవితలు చాలు. రాజుల్నే కాదు, మతపెద్దల్నీ వదలడు, పుట్టడమే తప్పన్నట్టు మాట్లాడతాడు. గుక్క తిప్పుకోకుండా చదివితే తల దిమ్మెక్కుతుంది.