నవంబరు వస్తోంది, పెన్షన్ మెయిళ్లతో జాగ్రత్త

ఒడిశాలోని బరంపురంలో మా వీధి మాస్టారు తెలుగు బడిలో పనిచేసి రిటైరయ్యారు. మొన్న ఆయనకి ఒక మెయిల్ వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చే కాగితం) అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రికల్లా పెన్షన్ ఆగిపోతుంది అని. మాస్టారు జాగ్రత్త గల మనిషే, లింకు నొక్కలేదు. నిజమో కాదో కనుక్కుందామని ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశారు. ఇంటిపేరు వినగానే అవతలివాడు, "మన తెలుగువారేనా! మాదీ శ్రీకాకుళమేనండీ" అన్నాడట. అరగంటలో లక్షా నలభై వేలు పోయాయి.

లింకు నొక్కకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. నాకు తెలిసి మునిగినవాళ్లు మునిగింది లింకు దగ్గర కాదు, నంబరు దగ్గర. ఆ మెయిల్ నిజమేనా అని అందులోని నంబరుకే ఫోన్ చేస్తే, ఎత్తేది మెయిల్ పంపినవాడే. బ్యాంకు నంబరు ఏటీఎం కార్డు వెనక ఉంటుంది. దానికి చేయండి, లేదా బ్రాంచికి నడిచి వెళ్లండి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం చాలామందికి రాదు. పిల్లలేమో విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. అందుకే ఫోన్‌లో తెలుగు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. దొంగకి కావాల్సింది అదే.

పంపినవాళ్ల పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. మాస్టారి మెయిల్‌కి పైన "పెన్షన్ ఆఫీసు" అని ఉంది, నొక్కి చూస్తే చివర జీమెయిల్ డాట్ కామ్. లైఫ్ సర్టిఫికెట్‌కి అసలు సైటు జీవన్‌ప్రమాణ్ డాట్ గవ్ డాట్ ఇన్. డాట్ బదులు అడ్డగీత ఉండి చివర డాట్ కామ్ అని ఉంటే అది దొంగదే.

"ఈ రాత్రికల్లా" అన్నమాటకి కంగారు పడకండి. కేంద్ర పెన్షనర్లలో 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, మిగతావాళ్లకి నవంబరు నెలంతా ఉంది. ఆలస్యమై పెన్షన్ ఆగినా, సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో సహా వస్తుంది.

ఎవరైనా పంపిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) ఇన్‌స్టాల్ చేయొద్దు, మన మెసేజ్‌లు వాడి చేతికి వెళ్తాయి. స్క్రీన్ షేర్ చేయొద్దు. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, అడిగితే ఫోన్ పెట్టేయండి. ఓటీపీ చెప్పొద్దు. అవతలివాడు తెలుగువాడు కదా అని చెప్పొద్దు. శ్రీకాకుళం వాడు కదా అని అసలే చెప్పొద్దు. మెయిల్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేయొద్దు.

డబ్బు పోతే దాచుకోవద్దు. కోడలికి తెలిస్తే బాగుండదని మాస్టారు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటిపోకముందే ఆపాలి. ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి చెప్పండి. ఇవాళే ఆ నంబరు పెద్దవాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పాస్‌బుక్‌లో పెట్టండి.