తడి ఉన్నా తల వాల్చే కుండీ మొక్క: వేరుకుళ్లు సమస్య - పరిష్కారం

మధ్యాహ్నం షేడ్‌నెట్ లోపలికి వెళ్లేసరికి జెర్బెరా పూల మొక్కల ఆకులు వాలిపోయి ఉంటాయి. విజయవాడ, గుంటూరు ఎండలు తెలిసినవాళ్లెవరైనా దాహమేననుకుని పైపు అందుకుంటారు. నేనూ అలా పోసి చాలా కుండీలు పోగొట్టుకున్నాను. దయచేసి ముందు వేలు రెండు కణుపుల లోతుకి దించి చూడండి. లోపల తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే వేరు నీళ్లు తీసుకోలేకపోతోందని అర్థం. ఇంకా పోస్తే వేరుకి ఉన్న కాస్త గాలి కూడా అందదు.

వేరు చూస్తేనే తెలుస్తుంది

కుండీని వాల్చి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోధుమ రంగులో మెత్తబడి, లాగితే పైతొక్క ఊడిపోయి లోపల దారంలాంటి పోగు మిగిలితే అది చాలావరకు పితియం అనే శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి తెచ్చే కుళ్లు. వేడికి, నిలవ తడికి ఇది బాగా పెరుగుతుంది. మట్టి మట్టంలో కాండం మొదలు ఎండినట్టు గోధుమ రంగుకి తిరిగి నొక్కుకుపోతే రైజోక్టోనియా అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. వేరు చివర్లు మాత్రమే మాడి, కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఎరువు ఉప్పు పేరుకుంది. ఆ మాడిన చివర్ల నుంచే తెగులు లోపలికి వెళ్తుంది. అందుకే నీళ్లు, ఎరువు వేర్వేరు సమస్యలని నేననుకోను.

నీళ్లు

నల్లరేగడి కుండీకి పనికిరాదు, తడిస్తే ముద్దవుతుంది. నర్సరీలకు పేరున్న కడియం నుంచి వచ్చే మొక్కలకు వేరు చుట్టూ గట్టి మట్టిముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కొబ్బరిపొట్టుతో చేసిన కోకోపీట్‌లో పెడితే పైన ఆరినట్టు కనిపించినా ముద్ద లోపల తడిగానే ఉంటుంది. అంచులు మెల్లగా విడదీసి నాటండి. కుండీని చేత్తో ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకోండి, తేలికైతేనే నీళ్లు. పోసేది ఉదయమే, అడుగు నుంచి కాస్త కారేదాకా పోయాలి. కింది పళ్లెంలో చేరిన నీరు పారబోయాలి.

ఎరువు, మందు

జబ్బు మొక్కకు బలం కావాలని ఎరువు వేస్తుంటారు. కొత్త తెల్లవేర్లు కనిపించేదాకా పూర్తిగా ఆపండి. తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీటికి అర గ్రాముతో మొదలుపెడితే చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకా తగ్గించాలి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే ఈసీ మీటరు ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది. ఉప్పు పేరుకున్నా వేరు గట్టిగా ఉంటే, కుండీకి రెండింతల మంచినీళ్లు పోసి కడిగేయవచ్చు. కుళ్లిన వేరున్న కుండీకి మాత్రం అలా చేయకండి.

కుళ్లిన వేర్లు కత్తిరించి కొత్త మిశ్రమంలోకి మార్చండి. పితియంకి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి మొక్క మొదలు దగ్గర పోయాలి. చాలామంది కార్బెండాజిమ్ అనే మందు వాడతారు గానీ అది పితియం మీద పనిచేయదు, రైజోక్టోనియాకైతే సరిపోతుంది. ఏ మందైనా ప్యాకెట్ చదివి, చేతులకు గ్లౌజులు వేసుకునే కలపండి. తెగులును అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా వేయాలంటే మందు పోశాక రెండు వారాలు ఆగండి.

సగానికి పైగా వేరు పోయిన మొక్కను కంపోస్టులో కాకుండా దూరంగా పారేయండి. కుండీని ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది పాళ్ల నీళ్లలో నానబెట్టి కడగండి. పైపు మూతిని నేల మీద వదలకుండా కొక్కేనికి తగిలించండి. బురదలోని తెగులు ఆ మూతితోనే పక్క కుండీలకు చేరుతుంది.