లాప్‌హుండ్‌కి గుండు కొట్టించకండి: హైదరాబాద్ ఎండలో రెండు పొరల బొచ్చు సంగతి

ఫిబ్రవరి నెలాఖరుకి నగరంలో ఎండ ముదరగానే బొచ్చు కుక్కల్ని గుండు కొట్టించడానికి తీసుకెళ్తారు. మంచి ఉద్దేశమే, పని మాత్రం తప్పు. ఫిన్నిష్ లాప్‌హుండ్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, సమోయెడ్, హస్కీ పెంచేవాళ్లకీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు ఈ కుక్క ఎక్కడిదో రెండు ముక్కలు. ఐరోపా ఉత్తరాన లాప్‌లాండ్‌లో సామీ జనం రెయిన్‌డీర్ మందల్ని కాయడానికి పెంచుకున్న జాతి ఇది. 1960లలో మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్లు రావడంతో మందల దగ్గర కుక్కల పని తగ్గింది. ఈ పొడుగు బొచ్చు జాతికి ఫిన్లాండ్‌లో 1967లో విడిగా ప్రమాణాలు రాశారు, ఇప్పటి పేరు 1993లో ఖాయమైంది. మగది 49, ఆడది 44 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సరైన కొలత. దీని దగ్గరి బంధువులు రెండు: పొట్టి బొచ్చు లాప్‌పోనియన్ హెర్డర్, స్వీడిష్ లాప్‌హుండ్. మన దేశానికి వ్యాపారం కోసం కుక్కల దిగుమతిని 2016లోనే ఆపేశారు. కాబట్టి ఎవరైనా ‘లాప్‌హుండ్ పిల్ల, తక్కువ ధరకే’ అంటే అది మన స్పిట్జ్ కలిసిన పిల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. నిజంగా విదేశం నుంచి మీతోపాటు తెచ్చుకుంటుంటే, తల్లిదండ్రులకు కంటిచూపు పోయే పీఆర్‌సీడీ జబ్బుకూ, కండరాలను తినేసే పాంపే జబ్బుకూ డీఎన్ఏ పరీక్ష జరిగిందో లేదో చూసి తెచ్చుకోండి. ఇక్కడి ఎండలకు ఈ జాతిని కావాలని తేవద్దనేదే మా సలహా. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం చేయాల్సింది చాలా ఉంది.

బొచ్చు రెండు పొరలు. పైన నిటారుగా, కాస్త గరుగ్గా ఉండే వెంట్రుక నీటినీ ఎండనూ ఆపుతుంది. లోపలి మెత్తటి ఉన్ని గాలిని పట్టి ఉంచుతుంది. ఈ ఉన్ని విడివిడిగా ఉన్నంతసేపూ చర్మం దాకా గాలి ఆడుతుంది. రాలిన ఉన్ని బయటికి రాకుండా లోపలే అట్ట కట్టిందంటే మే నెలలో కుక్కకి రగ్గు కప్పినట్టే. గుండు కొడితే పై వెంట్రుక ఆలస్యంగానూ ఉన్ని ముందుగానూ వస్తుంది. ఒక్కోసారి నెలల తరబడి మచ్చలు మచ్చలుగా మొలుస్తుంది, ఈలోపు చర్మం మాడుతుంది. పాదాల కింద వేళ్ల మధ్య వెంట్రుకలు, మలద్వారం చుట్టూ ఉన్నవి కత్తిరిస్తే చాలు.

దువ్వడానికి మూడు కావాలి: సన్నటి తీగల పళ్లున్న స్లికర్ బ్రష్, ఉన్ని తీసే రేక్, స్టీలు దువ్వెన. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, ఉన్ని రాలే సీజన్లో రోజూ ఇరవై నిమిషాలు. స్నానానికి ముందే దువ్వాలి. తడిస్తే చిక్కు బిగుసుకుపోతుంది, తర్వాత కత్తెర తప్ప దారుండదు.

కుక్కని బండల మీద పక్కకి పడుకోబెట్టండి. పావు లీటరు నీళ్లలో అర చెంచా కుక్కల కండిషనర్ కలిపి పైపైన చిలకరించండి, పొడిగా దువ్వితే వెంట్రుక తెగుతుంది. వెనక కాలి కింది నుంచి మొదలుపెట్టి, ఎడమ చేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకోండి. పాపిట తీసినట్టు చర్మం తెల్లటి గీతలా కనిపించాలి. ఆ గీత నుంచి కిందికి స్లికర్‌తో రెండు మూడుసార్లు లాగి, ఒక వేలెడు పైకి జరిగి మళ్లీ పాపిట తీయండి. ఇలా నడుము దాకా. బ్రష్ ఎంత గట్టిగా ఒత్తాలో మీ ముంజేతి మీద చూసుకోండి: గీతలు ఎర్రగా తేలితే కుక్క చర్మానికీ అంతే. రేక్‌ని ఒకే చోట ఐదారుసార్లకు మించి లాగితే మంచి వెంట్రుకలు కూడా ఊడొస్తాయి.

చివర్లో స్టీలు దువ్వెనే పరీక్ష. పైకి సిల్కులా నిగనిగలాడుతున్న బొచ్చులోకి దువ్వెన దించితే, అంగుళం లోపల గోడకి తగిలినట్టు ఆగుతుంది. అక్కడే అట్ట ఉంది. చెవుల వెనక, చంకల్లో, మెడ పట్టీ కింద, తొడల వెనక వేలాడే పొడుగు బొచ్చులో ఎక్కువగా దొరుకుతుంది. దాని మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో నిలువుగా చీల్చి, కొసల నుంచి దువ్వుకుంటూ మొదలుకు రావాలి. కత్తెర తప్పకపోతే చర్మానికీ అట్టకీ మధ్య దువ్వెన అడ్డం పెట్టి, దాని పైనే కత్తిరించండి. లాగితే చర్మం కాగితంలా పైకి లేస్తుంది, అట్ట అనుకుని దాన్నే కోసేస్తారు.

స్నానం నెలకోసారి చాలు. షాంపూ ఒక వంతుకు ఎనిమిది వంతుల నీళ్లు కలపండి. బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, నురగ ఓ పట్టాన పోదు. నీళ్లు తేటగా వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు పోయండి, ఆఖరి రెండు బకెట్లు మంజీరా కుళాయి నీళ్లయితే మంచిది. ఆరబెట్టడమే అసలు పని: చల్లగాలి బ్లోయర్‌తో గంటకు పైనే పడుతుంది. మెడ జూలులోకి వేలు దూర్చి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. వానాకాలంలో ఆ తడితో పడుకుంటే మర్నాటికల్లా రసి కారే పుండు లేస్తుంది, అప్పుడిక డాక్టరు దగ్గరికే.

ఇక ఎండ సంగతి. కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని కూలర్. అందుకే ఫ్యాను గాలి మనకిచ్చినంత హాయి దానికివ్వదు. ఎడారి కూలర్ మార్చి నుంచి మే దాకా పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, ఎదురుగా ఉన్న కిటికీ కాస్త తెరిచి ఉంచితేనే. జులై ముసురులో అదే కూలర్ గదిలో తేమ పెంచి రొప్పుని కూడా పనికిరాకుండా చేస్తుంది, అప్పుడు ఏసీయే. టాప్ ఫ్లోర్ ఇళ్లలో స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. షాబాద్ బండల గది ఉంటే కార్పెట్ తీసేసి అక్కడే పడుకోనివ్వండి. వాకింగ్ ఉదయం ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. అప్పుడు కూడా రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించి చూశాకే బయల్దేరండి.

వడదెబ్బకు గుర్తులు: నాలుక వెడల్పై ముదురు ఎరుపెక్కడం, చొంగ జిగురుగా సాగడం, తూలడం, వాంతి. మలద్వారం థర్మామీటర్‌లో 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే, 41 అంటే ప్రాణం మీదికొచ్చినట్టు. ముందు చల్లబరచి తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పొట్ట, చంకలు, కాళ్లు తడుపుతూ ఫ్యాను పెట్టండి. 39.5కి దిగాక ఆపేయండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అదే వేడెక్కి ఆవిరి పడుతుంది. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు: మే మధ్యాహ్నం కుళాయి తిప్పితే పై ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి బాత్రూంలో పెట్టుకోండి.

పిడుదులు ఈ బొచ్చులో కంటికి కనిపించవు, వేళ్లకు తగులుతాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడ కింద ఐదు నిమిషాలు తడిమి చూడండి. మెడ మీద వేసే చుక్కల మందు బొచ్చు పైనే పడితే దండగ. పాపిట తీసి చర్మానికే తగిలించాలి, వేసే ముందూ తర్వాతా రెండు రోజులు స్నానం వద్దు. నమిలే మాత్రలైతే బరువు చూసి డాక్టరే రాయాలి. మేత మానేసి, చిగుళ్లు పాలిపోయి, ఒళ్లు కాలుతుంటే టిక్ ఫీవర్ (పిడుదుల జ్వరం) అనుమానించి అదే రోజు రక్త పరీక్ష చేయించండి.

అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లతో పేచీ రాకుండా ఒక్క మాట: ఇది మొరిగి మంద తోలే కుక్క, లిఫ్టు చప్పుడుకీ మొరుగుతుంది. మొరిగేటప్పుడు మీరూ అరిస్తే తోడు దొరికిందనుకుంటుంది. ఊపిరి తీసుకోవడానికి అది ఆగిన క్షణంలోనే ‘చాలు’ అని, దాని నోట్లో చికెన్ ముక్క పెట్టండి. రోజుకు పదిసార్లు, రెండు మూడు వారాలు.