కుక్క కోసం వేసిన టర్ఫ్ కంపు కొడుతోందా? ముందు ఓ మూల ఎత్తి చూడండి

టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, పరిచే పని నాది. ఫోన్ ఎత్తగానే వినపడే మాట ఒకటే: "టర్ఫ్ కంపు కొడుతోందండీ, ఏ లిక్విడ్ పోయమంటారు?" లిక్విడ్ సంగతి తర్వాత. టర్ఫ్ ఓ మూల ఎత్తి కింద చూశారా అని అడిగితే అవతల నిశ్శబ్దం. నాలుగైదు మేకులు పీకితే అయిపోయే పని అది. ఆ పని మానేసి ఫినాయిలు పోస్తారు. కాళ్లు నాక్కునే జంతువు తిరిగే చోట ఫినాయిలు ఏమిటో నాకు అర్థం కాదు. బ్లీచింగ్ అసలే వద్దు. పాత మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే కళ్లు మండించే విషవాయువు వస్తుంది.

లక్షణం: ఉదయం, సాయంత్రం కంపు. చిన్న జల్లు పడితే మరీ ఎక్కువ.

మూత్రం కిందికి దిగకుండా ఎక్కడో నిలుస్తోందని అర్థం. అందులోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. దానికి తడి, వేడి ఉంటే చాలు. విశాఖలో ఆ రెండింటికీ కొదవేం లేదు. వాయుగుండం పట్టి రెండు రోజులు కుండపోత పడితే అంతా కడుక్కుపోయి వారం పది రోజులు వాసన ఉండదు. దాన్ని చూసి నయమైపోయిందని మురిసిపోకండి.

గచ్చు మీదే నేరుగా పరిచి ఉంటే కారణం వెతకక్కర్లేదు. టర్ఫ్ అడుగున ఉండే చిల్లులు గచ్చుకు అంటుకుపోయి మూసుకుపోతాయి. కింద బొడిపెలున్న ప్లాస్టిక్ డ్రైనేజ్ మ్యాట్ వేసి మళ్లీ పరవండి, సరిపోతుంది.

మట్టి పెరట్లో పద్ధతిగా బెడ్ (టర్ఫ్ కింద వేసే కంకర పొర) వేసి పరిచినా కంపు కొడుతుంటే, నన్ను ముప్పుతిప్పలు పెట్టిన కారణం చెబుతాను.

ఎండాడలో ఓ ఇల్లు. ఓ ల్యాబ్రడార్, పన్నెండు బై ఇరవై అడుగుల పెరడు. పని నాదే. రెండు నెలలకు ఫోన్ వచ్చింది. వెళ్లి పైపుతో నీళ్లు కొట్టి చూశాను. చక్కగా పోయాయి. ఎంజైమ్ క్లీనర్ (మూత్రపు మరకను, వాసనను విడగొట్టే ద్రావణం) కొట్టి వచ్చేశాను. మళ్లీ ఫోన్. ఈసారి పోచల మధ్య చల్లిన ఇసుక తీయించి, నా డబ్బుతో జియోలైట్ (అమ్మోనియాను పట్టి ఉంచే రాతి గుళికలు) పోయించాను. మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. మూడోసారి వెళ్లినప్పుడు కుక్క నా ఎదురుగానే జామచెట్టు పక్కన పని కానిచ్చింది. పది నిమిషాలాగి అక్కడ పాత పేపరు వేసి కాలితో నొక్కాను. పేపరు పసుపుపచ్చగా తడిసిపోయింది. అంచు ఎత్తితే కింద బెడ్ గచ్చులా ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగలేదు. తాపీమేస్త్రిని అడిగితే గర్వంగా చెప్పాడు: "గట్టిగుంటాదని రెండు బస్తాల సిమెంటు జల్లీసినాను బాబూ." నేను భోజనానికి వెళ్లిన గంటలో జరిగిన సాయం అది!

సిమెంటు కలపకపోయినా ఇదే గతి పట్టొచ్చు. చౌక అని పైపొరకు క్రషర్ డస్ట్ (కంకర ఆడించగా మిగిలే రాతిపొడి) వాడేస్తారు. అందులో పిండిలాంటి పొడి ఎక్కువుంటే, తడిపి దిమ్మిస కొట్టాక అది బిగుసుకుపోయి నీటిని పీల్చదు.

ఇక పైపుతో కొడితే నీళ్లు ఎందుకు పోయాయి? బోలెడు నీళ్లు కాబట్టి వాలు మీద పైపైన జారి గోడ వారకు చేరాయి. కుక్క పోసేది గ్లాసుడు. దానికి జారే బలం లేదు. పడ్డ చోటే నిలుస్తుంది, నీరు ఆవిరైతే మిగతాదంతా అక్కడే పేరుకుంటుంది. మర్నాడు అదే చోట ఇంకో గ్లాసు. అందుకే పైపు పరీక్షను నేనిప్పుడు నమ్మను. టర్ఫ్ ఎత్తి, కుక్క రోజూ వెళ్లే చోట ఉత్త బెడ్ మీద గ్లాసు నీళ్లు పోయండి. నిమిషంలో ఇంకితే బెడ్ మంచిదే. ఐదు నిమిషాలైనా పళ్లెంలో పోసినట్టు నిలిచాయంటే దొంగ దొరికినట్టే.

బాగు చేయాలంటే అడ్డదారి లేదు. టర్ఫ్ చుట్టి పక్కన పెట్టి, ఆ గట్టి పొర పగలగొట్టి నాలుగంగుళాలు తీసేయండి. జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, మూడంగుళాలు 20 ఎం.ఎం. కంకర, పైన అంగుళం బేబీ చిప్స్ (సన్న కంకర) వేయండి. చిప్స్ కడిగి పోయాలి, లేకపోతే వాటికి అంటుకున్న పొడి మళ్లీ అదే పని చేస్తుంది. వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం. కంటితో కాదు, లెవెల్ పైపు పట్టి చూడండి. సాగర్‌నగర్ లాంటి చోట అడుగున ఇసుక ఉంటే నీరు దానంతటదే ఇంకుతుంది. కొండ వారగా ఎర్రమట్టి, రాయి తగిలే చోట మాత్రం దిగువ అంచున చిల్లుల పీవీసీ పైపు వేసి బయటికి దారి ఇవ్వకపోతే తవ్విన గొయ్యి తొట్టి అవుతుంది. పాత టర్ఫ్ పారేయక్కర్లేదు. తిరగేసి కడిగి, వెనకవైపు ఎంజైమ్ క్లీనర్ పట్టించి, ఆరాక పరవండి. వెనక లేటెక్స్ (రబ్బరు పూత) పెళుసెక్కి రాలుతుంటేనే కొత్తది కొనండి.

ఇప్పుడడగండి లిక్విడ్ గురించి. బెడ్ బాగుంటే రోజూ రెండు బకెట్ల నీళ్లు, వారానికోసారి ఎంజైమ్ క్లీనర్ చాలు. జియోలైట్ పోసి ఉంటే అప్పుడప్పుడు ఉప్పునీళ్లు పోసి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి. పట్టిన అమ్మోనియాను వదిలేసి మళ్లీ పనికొస్తుంది.

లక్షణం: అంచులు లేస్తున్నాయి.

సగం సార్లు కుక్క గీరడం వల్ల. మేకులు ఆరంగుళాలకొకటి కొట్టండి. సముద్రం దగ్గరైతే మామూలు ఇనుప మేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి తలలు ఊడిపోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి.

లక్షణం: మధ్యాహ్నం కుక్క దాని మీద కాలు పెట్టడం లేదు.

దాని తెలివికి మెచ్చుకోండి. అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి, మీకే తెలుస్తుంది. షేడ్ నెట్ కట్టడమే దారి. నీళ్లు చల్లితే కాసేపే చల్లదనం.

మిగతావి అరుదు. తుంగ పొడుచుకొస్తే దుంపతో సహా పీకాలి. ఒకేచోట పోచలు కరిగి ముద్దగా కనిపిస్తే మధ్యాహ్నం అక్కడ నిలబడి చూడండి. ఎదురింటి కిటికీ అద్దం ఎండను అక్కడికే కొడుతుంటుంది. ఆ అద్దానికి బయటివైపు తెర వేయమని వాళ్లనే అడగాలి.