పాపకు ఇప్పించాం, బాబుకు ఆగాం: జ్ఞానస్నానం సంగతి ఇంట్లో ఎలా తేల్చుకోవాలి

మాది హన్మకొండ. నేను ఫాతిమానగర్ విచారణలో, అంటే అక్కడి చర్చి పరిధిలో, పుట్టి పెరిగిన కథోలిక పిల్లను. మా ఆయన వాళ్లది రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క జాతరకు పోయే హిందూ ఇల్లు. పాపకు నాలుగో నెలలోనే జ్ఞానస్నానం, అంటే నీళ్లు పోసి క్రైస్తవంలో చేర్చే బాప్తిస్మం, ఇప్పించాం. బాబుకు తొమ్మిదేళ్లొచ్చినా ఇప్పించలేదు. ఒకే ఇంట్లో రెండు రకాలూ చేసినవాళ్లం కదా, బంధువుల్లో ఎవరింట్లో ఈ పంచాయితీ వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు బీరువాలోంచి పెళ్లి కాగితాలు తీయండి. చర్చిలో కథోలికులు హిందువును చేసుకోవాలంటే బిషప్ గారి అనుమతి కావాలి. అది రావాలంటే, పుట్టే పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కథోలికులుగా పెంచడానికి శక్తి మేరకు ప్రయత్నిస్తానని కథోలిక వైపు వాళ్లు మాటివ్వాలి. 1970 దాకా ఈ మాట ఇద్దరి దగ్గరా తీసుకునేవారు. ఆ ఏడు ఆరో పాల్ పోప్ మార్చాక, రెండో వారికి సంగతి తెలియజేస్తే చాలు. నేను పెళ్లి చీరల హడావిడిలో చదవకుండానే సంతకం పెట్టేశా. పాప పుట్టాక ఫాదర్ గుర్తుచేస్తే మా ఆయన నా వైపు తిరిగి "నాకెప్పుడు చెప్పినవ్?" అన్నారు. చెప్పింది ఆయన ముందే, ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. అయితే అందులో ఉన్నది "శక్తి మేరకు" అనే. కాపురం కూల్చుకొని అయినా సరే అని లేదు. 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ పెళ్లి మాత్రమే చేసుకున్నవాళ్లు ఇలాంటి మాటేదీ ఇచ్చి ఉండరు.

తర్వాత, మిమ్మల్ని తొందరపెడుతున్నది భక్తా, భయమా చూసుకోండి. బాబు పుట్టిన మూడో రోజు పచ్చకామెర్లని నీలం లైటు పెట్టెలో పడుకోబెట్టారు. కళ్లకు గంతలు, ఒంటిమీద డైపర్ ఒక్కటే. మా అమ్మ వాటర్ బాటిల్ కొంగు చాటున పెట్టుకొని వచ్చింది. "ఏమన్నయితే ఎట్ల బిడ్డా? నేనే పోస్త, మూడు మాటలు చెప్తే అయిపాయె" అని ఏడుపు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వచ్చన్నది నిజమే. కానీ వాడికి వచ్చింది కామెర్లు, నాలుగో రోజుకు తగ్గిపోయాయి. నర్సు అమ్మను బయటికి పంపింది గానీ, భయం పోగొట్టింది మాత్రం మా ఫాదర్. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిపిల్లలను దేవుని కరుణకే అప్పగిస్తామని కథోలిక సత్యోపదేశమే, అంటే చర్చి నమ్మకాలు నేర్పే పుస్తకమే, చెప్తుంది. అలాంటి పిల్లలు మోక్షానికి పోక లింబో అనే చోట ఉండిపోతారని పాతవాళ్లు అనేవారు. ఆ లింబో అనేది చర్చి ఖాయం చేసిన సిద్ధాంతం కాదని, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశపడటానికి గట్టి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత పండితుల సంఘం కూడా చెప్పింది. మీ ఇంట్లో ముసలమ్మకు ఈ ముక్క ఫాదర్ నోటితోనే చెప్పించండి. మీరు చెప్తే వినదు.

భయం తగ్గాక భార్యాభర్తలు మాట్లాడుకోవాల్సింది ఒకటే: ఆదివారం పొద్దున పిల్లను ఎవరు లేపుతారు? చర్చి చట్టం కూడా ఇదే అడుగుతుంది. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి ఒప్పుదల ఉండాలి, బిడ్డ ఆ విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం బొత్తిగా లేకపోతే ఫాదర్ వాయిదా వేయవచ్చు. కాబట్టి తల్లిదండ్రులకు తెలియకుండా అమ్మమ్మో నాయనమ్మో తీసుకెళ్లి ఇప్పించేద్దాం అనే తెలివితేటలు వద్దు. మా ఇంట్లో పాపను లేపే మనిషిని నేనున్నా. బాబు పుట్టేసరికి నాకు స్కూల్లో ఉద్యోగం, ఆదివారాలు కూడా ట్యూషన్లు. మా ఆయన "నేను లేపి తోలిస్త, గని ఏం చెప్పాల్నో నాకు తెల్వదు" అన్నారు. నిజాయితీగా అన్న మాట అది. అందుకే ఆగాం.

"పెద్దయ్యాక వాడే ఎంచుకుంటాడు" అనేవాళ్లకు ఒక మాట. ఏదీ చూపించకుండా పద్దెనిమిదేళ్లు పెంచితే వాడు దేన్ని చూసి ఎంచుకుంటాడు? గుడికీ చర్చికీ రెండింటికీ తిప్పాలంటే ఒకచోటికి తిప్పేదానికి రెట్టింపు పని. ముందే చెప్తున్నా.

ఇక చర్చిని బట్టి లెక్క మారుతుంది. కథోలికులు పుట్టిన కొన్ని వారాల్లోనే ఇప్పించమంటారు. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కూడా పసిపిల్లలకు ఇస్తారు, ఎదిగాక ఆ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటుంది. హన్మకొండలో అమెరికన్ మిషన్ కాలం నుంచీ ఉన్న బాప్టిస్టు ఇళ్లలో పసిబిడ్డకు బాప్తిస్మం లేదు. సంఘం ముందు ప్రార్థించి ప్రతిష్ఠ చేస్తారు, అంతే. బాప్తిస్మం తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాకే, అదీ నీళ్లలో ముంచి. ఇద్దరూ క్రైస్తవులే అయి ఎటూ తేలకపోతే ఈ ప్రతిష్ఠ మంచి దారి. ఒకటి గుర్తుంచుకోండి: కథోలికుల లెక్కలో జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. రద్దు లేదు, మళ్లీ ఇవ్వడం లేదు. బాప్టిస్టులు మాత్రం చిన్నప్పుడు పోసినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ ముంచుతారు.

ఇంట్లో ఎవరికైనా ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పుదుచ్చేరి కేసులో తండ్రి హిందువుగా పుట్టినవాడు, తల్లి క్రైస్తవురాలు, బిడ్డకు పసికందుగా ఉండగానే జ్ఞానస్నానం అయింది. ఆమె పెద్దయ్యాక ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. చర్చికి పోతూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఆ నియమం న్యాయమా అంటే నాకైతే కాదనే అనిపిస్తుంది, అది వేరే పోరాటం. మీ పని మాత్రం, చర్చి రిజిస్టర్‌లో ఒకటి, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకొకటి రాయించకుండా ఉండటం.

పెద్దవాళ్ల సంగతికి వస్తే, జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకొని విశ్వాసానికి పూచీ ఉండే జ్ఞాన తల్లిదండ్రుల దగ్గరే గొడవ మొదలవుతుంది. జ్ఞానతల్లి కావాలంటే మామూలుగా పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన కథోలికురాలై ఉండాలి. మా ఆడబిడ్డ "మేనత్తను నేనుండంగ ఇంకెవరో ఎత్తుకునుడేంది?" అని అలిగింది. చివరికి తెల్లగౌను తనే కుట్టించి తెచ్చి, నీళ్లు పోశాక తల తుడిచి తనే తొడిగింది. చేతులకు ఒక సైజు పెద్దది. కొవ్వొత్తి మంట చూసి పాప ఏడుపు ఆపేసింది. 2014 మేడారం జాతరకు అత్తమ్మ పాపకు ఎత్తు బంగారం ఇస్తానంది, అక్కడ బంగారమంటే బెల్లమే. కిరాణా కొట్టు కాంటా మీద కూర్చోబెడితే ఎనిమిది కిలోలు తూగింది, అంతే బెల్లం తీసుకున్నాం. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఫాదర్‌కు దాచకుండా చెప్పా. మీరూ దాచకండి. ఆయన ఏమన్నారో అది నాకూ ఆయనకూ మధ్య మాట.

ఏడేళ్లు నిండితే లెక్క మళ్లీ మారుతుంది. అప్పటినుంచి కథోలిక చర్చి పిల్లను పసిబిడ్డగా చూడదు. ముందు సత్యోపదేశం నేర్పుతారు, కావాలా అని పిల్లనే అడుగుతారు. మా బాబు విషయంలో సరిగ్గా అక్కడే ఉన్నాం. పోయిన ఏడాది చర్చిలో సత్ప్రసాదం (పూజలో పెట్టే అప్పం) తీసుకునే వరుసలో అక్క వెనకాలే నిలబడ్డాడు. ఫాదర్ వాడి నోట్లో ఏమీ పెట్టకుండా తలమీద చెయ్యి పెట్టి దీవించారు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ "అక్కకు పెట్టిండు, నాకెందుకు పెట్టలే?" అన్నాడు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టని కారణం చెప్పా. "అయితే నాకు గూడ ఇప్పియ్యి" అన్నాడు. మరుసటి వారం క్రికెట్ ఉందని చర్చికే రాలేదు.

ఇప్పుడు సత్యోపదేశం క్లాసుకు పోతున్నాడు. ఈస్టర్ ముందు రాత్రి ఇప్పిద్దామని ఫాదర్ ఫారం ఇచ్చారు. నా సంతకం అయింది. మా ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, "వాన్ని ఇంకోసారి అడుగు, నేను లేనప్పుడు" అన్నారు.