మామిడి చీజ్‌కేక్‌ల మధ్యలో నీరు: నా అనుభవం

నూజివీడు రసాలతో కప్పుల్లో చిన్న చీజ్‌కేక్‌లు చేస్తే అంచులు గట్టిపడేవి, మధ్యలో మాత్రం జావే. కార్న్‌ఫ్లోర్ పెంచడం, ఇంకో గుడ్డు వేయడం, ఎక్కువసేపు బేక్ చేయడం, ఏదీ కుదరలేదు.

చివరికి వడగట్టిన కప్పు గుజ్జును వెడల్పాటి మూకుడులో సన్నని సెగ మీద అరకప్పు అయ్యేదాకా దగ్గరపడనిచ్చాను. గరిటెతో గీత గీస్తే వెంటనే కలిసిపోకూడదు. పూర్తిగా చల్లారాకే (బెజవాడ ఎండల్లో ఓపిక పట్టాల్సింది ఇక్కడే) మెత్తబడిన క్రీమ్ చీజ్, చక్కెరలో కలిపి, గుడ్డు ఆఖర్న వేసి నురగ రాకుండా తిప్పాను. కప్పులను వేడినీళ్ల ట్రేలో పెట్టి 150 డిగ్రీల్లో 20 నిమిషాలు. నడుమ కాస్త వణుకుతుండగానే ఓవెన్ ఆపి, తలుపు ఓరగా తెరిచి ఉంచాను. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో.

బంగినపల్లి గుజ్జు చిక్కన, అంత మరిగించక్కర్లేకపోవచ్చు. పైనాపిల్‌తో చేసి చూడలేదు. మా ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) చిన్నది, మీ దాంట్లో 15 నిమిషాలకే ఓసారి చూసుకోండి.