బరువు మళ్ళీ పెరిగితే: రెండో ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు చేయవలసిన పనులు

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవారికి మూడు నాలుగేళ్ల తరవాత బరువు మళ్ళీ పెరగడం మొదలైతే, వారు ముందుగా మానేసేది కాటా ఎక్కడం, ఆ తరవాత మానేసేది ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళడం. మా అక్క రెండూ మానేసింది. ఇన్ని లక్షలు పోసి, కోయించుకొని, మళ్ళీ ఇలా తయారయ్యానని ఏ మొహం పెట్టుకొని వెళ్ళనని రెండేళ్లు గడిపేసి, చివరకు ఒకరోజు మరో ఆసుపత్రికి వెళ్ళి నేరుగా రెండో ఆపరేషన్‌కు తేదీ తీసుకుంటానంది. ఆ తేదీని నాలుగు నెలలు ఆపి మేము చేసిన పనులనే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మొదటి ఆపరేషన్ ఎందుకు ఆశించినంత ఫలితం ఇవ్వలేదో తేలకుండా రెండోది ఏది చేయించుకోవాలన్న ప్రశ్న వేసుకోకూడదన్నదే నా గట్టి అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు ఒక తెల్ల కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: ఎత్తు, ఆపరేషన్ నాటి బరువు, ఆ తరవాత చేరుకున్న అతి తక్కువ బరువు, ఈనాటి బరువు. మా అక్క ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆపరేషన్ నాడు 112 కిలోలు ఉండేది, ఏడాదిన్నరలో 78కి దిగింది, అయిదో ఏడు నిండేసరికి 96కి చేరింది. ఆమె ఎత్తుకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే అంకె) 25 దగ్గర ఉండవలసిన బరువు సుమారు 62 కిలోలు కాబట్టి, ఆపరేషన్ నాటికి ఆమె మోస్తున్న అదనపు బరువు 50 కిలోలు. అందులో 34 కిలోలు, అంటే మూడింట రెండు వంతులు ఒకప్పుడు నిజంగానే తగ్గింది. పద్ధెనిమిది నెలలకు అదనపు బరువులో సగమైనా తగ్గకపోతే ఆపరేషన్ సరిగా పనిచేయలేదని సర్జన్లు చాలాకాలంగా లెక్క వేస్తూ వచ్చారు. ఆ లెక్కన అక్కకు జరిగిన ఆపరేషన్ విఫలం కాలేదు. పనిచేసింది, తరవాత బరువు తిరిగి వచ్చింది. మొదటినుంచీ తగ్గనివారి సమస్య, తగ్గి మళ్ళీ పెరిగినవారి సమస్య ఒకటి కావు. మొదటివారిలో ఆపరేషన్ తీరు మీద, హార్మోన్ల జబ్బుల మీద దృష్టి పెట్టాలి. రెండోవారిలో బరువు ఏ నెలలో మలుపు తిరిగిందో, ఆ నెలల్లో జీవితంలో ఏం మారిందో వెతకాలి.

కొంత బరువు తిరిగి రావడం సహజమని కూడా ఇక్కడే చెప్పాలి. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనంలో బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవారు తొలి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్లకు 25 శాతం తగ్గుదల దగ్గర నిలిచారు. 78 నుంచి 82కి పెరిగినవారు రెండో ఆపరేషన్ గురించి ఆలోచించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. క్రమం తప్పకుండా డాక్టరుకు చూపించుకుంటే చాలు.

అంకెల తరవాత కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, ఆపరేషన్ నోట్స్ కావాలి. మా అక్కకు జరిగినది స్లీవ్. అది చేసేవారు పొట్టలో సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి అరటిపండు ఆకారంలో ఒక గొట్టాన్ని మిగులుస్తారు; ఆ గొట్టాన్ని ఎంత లావు కొలత పెట్టి కోశారో నోట్స్‌లో ఉంటుంది. బైపాస్ అయితే పైన మిగిల్చిన చిన్న సంచి ఎంత, చిన్నపేగును ఎన్ని సెంటీమీటర్లు దాటించి కలిపారు అన్నది ఉంటుంది. రెండోసారి లోపలికి వెళ్ళే సర్జన్‌కు ఈ కొలతలు తెలియకపోతే, దారి తెలియని ఊళ్ళో రాత్రిపూట బండి నడిపినట్టే. అడిగిన 72 గంటల లోపు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. అదే నియమావళి ప్రకారం వాటిని మూడేళ్లు భద్రపరిస్తే చాలు కనుక, ఆపరేషన్ జరిగి ఎక్కువకాలం అయినవారు ఆలస్యం చేయకూడదు. మేము అడిగేసరికి అయిదేళ్లయింది. అదృష్టవశాత్తు కంప్యూటర్లో మిగిలి ఉన్నందువల్ల రెండు పేజీలు దొరికాయి.

ఇప్పుడు పరీక్షలు. ఎండోస్కోపీ తప్పనిసరి, దానితో పాటు బేరియం తాగించి తీసే ఎక్స్‌రే. ఎండోస్కోపీ లోపలి గోడను చూపిస్తుంది, బేరియం ఆకారాన్ని చూపిస్తుంది. ఒకటి రెండోదాని పని చేయదు. అక్కకు బేరియం తీసిన రోజు నేను గాజు తలుపు అవతల నిలబడి తెర చూశాను. తెల్లటి ద్రవం అన్నవాహిక గుండా సన్నని గీతలా దిగి, కిందికి జారకుండా ముందు పై మూలన ఒక చిన్న కుండలా నిండి, ఆ తరవాతే గొట్టంలోకి ఒలికింది. పొట్ట పైభాగం మొదటిసారి పూర్తిగా తీయలేదనో, మిగిలినది సాగిందనో దాని అర్థం. ఎండోస్కోపీలో అన్నవాహిక చివర పుండ్లు, పొట్టలో కొంత భాగం డయాఫ్రమ్ (ఛాతీకి, కడుపుకు మధ్య ఉండే కండరపు పొర) దాటి ఛాతీలోకి జరిగిన హయాటస్ హెర్నియా కనిపించాయి. మూడేళ్లుగా రాత్రిపూట ఛాతీలో మంట, పులితేన్పులు అని ఆమె అంటూనే ఉంది. మేమే గ్యాస్ అనుకొని మందుల షాపులో మాత్రలు కొని ఇచ్చాం. ఆ పొరపాటు ఇంకెవరూ చేయవద్దు. స్లీవ్ తరవాత వచ్చే ఇలాంటి మంటను ఏళ్ల తరబడి వదిలేస్తే అన్నవాహిక లోపలి పొర మారిపోయే ప్రమాదం ఉంది.

రక్త పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) ఉండాలి. లోపాలు ఇప్పటికే ఉంటే వాటిని సరిచేశాకే రెండో ఆపరేషన్. వాడుతున్న మందుల జాబితా మొత్తం డాక్టరు ముందు పెట్టండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ వంటి షుగరు మందులు, ఉబ్బసానికో కీళ్లకో వాడే స్టెరాయిడ్ మాత్రలు, మానసిక సమస్యలకో మూర్ఛకో వాడే ఓలాంజపీన్, వాల్‌ప్రోయేట్, మిర్టజపీన్ వంటివి బరువు పెంచగలవు. వాటిని సొంతంగా ఆపేయకూడదు. బదులుగా వాడదగినది ఏమైనా ఉందా అని ఆ మందు రాసిన డాక్టరునే అడగాలి.

తిండి సంగతి ఎక్కువమంది దాటవేసేది, నా దృష్టిలో ఎక్కువసేపు ఆగవలసినదీ ఇదే. పది రోజుల పాటు నోట్లోకి వెళ్ళిన ప్రతిదాన్నీ, వేళతో సహా, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరికీ చూపించి మెప్పు పొందడానికి కాదు కాబట్టి దాచవద్దు. అక్క పుస్తకంలో భోజనాలు నిజంగానే చిన్నవి: మధ్యాహ్నం గరిటెడు అన్నం, పప్పు, రెండు ముద్దలు పెరుగన్నం. సాయంత్రం నాలుగుకు టీతో ఆరు బిస్కెట్లు, అయిదున్నరకు గుప్పెడు చెగోడీలు, ఏడుకు మామిడి రసం, తొమ్మిదికి భోజనం, పదిన్నరకు చక్కెర వేసిన పాలు. బిస్కెట్లు టీలో మెత్తబడి, చెగోడీలు నమిలితే పిండిగా మారి ఆ సన్నని గొట్టంలోంచి ఆగకుండా జారిపోతాయి, కడుపు నిండిన భావన రాదు. అదే గుడ్డు గాని, చికెన్ ముక్క గాని, పనీర్ గాని అయితే కాసేపు నిలుస్తుంది. ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అవసరం. ఆమె పుస్తకం ప్రకారం డైటీషియన్ లెక్కగట్టినది 31. అన్నంతో పాటు నీళ్ళు తాగే అలవాటు కూడా తిరిగి వచ్చింది. దీన్ని తప్పుగా చూడకూడదు. శరీరం పోగొట్టుకున్న బరువును తిరిగి తెచ్చుకోవడానికి ఆకలిని పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి మోసేవారి మీద నింద వేయడం అన్యాయం. అయినా ఈ జారుడు తిండి అలాగే సాగితే రెండో ఆపరేషన్ కూడా దాన్ని ఆపలేదు కాబట్టి పుస్తకం రాయక తప్పదు. ఒంటరితనం, దిగులు, రాత్రి లేచి తినడం వంటివి పేజీల్లో కనిపిస్తే సైకాలజిస్టును ఆపరేషన్‌కు ముందే కలవాలి.

ఇవన్నీ చేతిలో పెట్టుకొని ఇప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్ళండి. స్లీవ్ అయినవారికి సాధారణంగా వినిపించే దారులు ఇవి. ఛాతీలో మంట ఎక్కువగా ఉంటే పేగును రెండు చోట్ల అతికే రూ-ఎన్-వై బైపాస్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే అది బరువుతో పాటు మంటనూ తగ్గిస్తుంది. మంట లేకుండా బరువు, షుగరు మాత్రమే సమస్య అయితే ఒకే అతుకు ఉండే బైపాస్ గురించి చెప్పవచ్చు. అందులో పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం ఉంది కనుక మంట ఉన్నవారు దానికి తొందరపడకూడదు. సాగిన స్లీవ్‌ను మళ్ళీ కోసి సన్నం చేస్తామని కొందరు చెబుతారు; మంట ఉన్నప్పుడు గొట్టంలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కాబట్టి, అది అందరికీ పనికిరాదు. మొదట బ్యాండ్ (పొట్ట పైభాగం చుట్టూ బిగించే పట్టీ) వేసుకున్నవారికి తరచుగా దాన్ని తీసి, కొన్ని నెలలు ఆగి, రెండో అంచెలో వేరే ఆపరేషన్ చేస్తారు. మొదటే బైపాస్ అయినవారికి దారులు తక్కువ: అతుకు వెడల్పయితే ఎండోస్కోపీ ద్వారా కుట్టి బిగించవచ్చు, పేగును ఇంకా ఎక్కువ దాటించడం వల్ల బరువు తగ్గినా ప్రోటీన్ లోపం తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంది.

కోత లేని దారిని కూడా అడిగి తీరాలి. ఆకలిని తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆపరేషన్ తరవాత బరువు తిరిగి వచ్చినవారికీ ఇస్తున్నారు. బరువు తగ్గించడానికి టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఆపితే బరువు తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చు ఉంటుంది. అయినా ఆకారంలో లోపం ఏదీ కనిపించని వ్యక్తికి మళ్ళీ కత్తి పెట్టించడం కన్నా ముందు ఇవి ప్రయత్నించడమే మంచిదని నా నమ్మకం. అక్కకు హెర్నియా, పుండ్లు ఉన్నందువల్ల మందులతో ఆగే పరిస్థితి లేదని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చెప్పారు.

సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. ఇలాంటి మార్పు ఆపరేషన్లు మీరు స్వయంగా ఎన్ని చేశారు? అతుకు దగ్గర కారితే ఈ ఆసుపత్రిలో అర్ధరాత్రి ఎవరు చూస్తారు? నాకు ఎన్ని కిలోలు తగ్గవచ్చని మీ అంచనా? మొదటి ఆపరేషన్ వల్ల లోపల అతుక్కుపోయిన పొరలు ఉంటాయి, రక్తప్రసరణ మారి ఉంటుంది. అందువల్ల కుట్లు కారడం, రక్తస్రావం వంటి ప్రమాదాలు మొదటిసారి కన్నా ఎక్కువ, తగ్గే బరువు మాత్రం సాధారణంగా తక్కువ. ఈ మాట చెప్పకుండా మొదటిసారి ఫోటోలు చూపించి అంతే తగ్గుతారని హామీ ఇచ్చేవారి దగ్గర సంతకం పెట్టకండి.

ఖర్చు విషయంలో ఒక మెలిక ఉంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వారికి బీఎంఐ 27.5 నుంచే బరువు ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. మన బీమా పాలసీల్లో సాధారణంగా ఉండే షరతు అది కాదు: బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే జబ్బు), అదుపులోకి రాని షుగరు వంటివి ఉండాలి. అక్క బీఎంఐ 38. డాక్టరు సలహా, పరీక్షల రిపోర్టులు జతచేసి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

ఒప్పుకున్నాక కనీసం ఆరు వారాల ముందు నుంచి పొగ పూర్తిగా మానాలి. బైపాస్ అతుకు దగ్గర పుండు పడటానికి పొగ, కీళ్లనొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు పెద్ద కారణాలు. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆపరేషన్ తరవాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం ఆపుకోవాలి, బైపాస్ తరవాత గర్భనిరోధక మాత్రలు పూర్తిగా ఒంటబట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగాలి. విటమిన్, ఐరన్, కాల్షియం, బీ12 జీవితాంతం వాడాలి. రక్త పరీక్షలు మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, ఆ తరవాత ఏటా చేయించుకోవాలి.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకొని దూరపు ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారు ఇంకొక పని చేయాలి. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రిలో ముందుగానే రిపోర్టులు చూపించి పెట్టాలి. వాంతులు ఆగకుండా రోజుల తరబడి సాగితే శరీరంలో థయమిన్ (విటమిన్ బీ1) అడుగంటి నడక తడబడటం, చూపు రెండుగా కనిపించడం, మతి తప్పడం మొదలవవచ్చు; ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. అక్క పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక చీటీ ఉంటుంది. ఏ ఆపరేషన్ అయింది, ఏ తేదీన అయింది, సర్జన్ ఫోను నంబరు, గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వాలన్న మాట తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాను.